వైజాగ్‌లో ఎవరి పనికి ఎంత వస్తోంది, ఎంత మిగులుతోంది? నిజం లెక్కలు చెప్పండి

కంచరపాలెం కుర్రాడు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చేతికి 24,500 వస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకి ఐదేళ్లు నిండుతాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ 38 వేలు ఇస్తామంది, ఫిబ్రవరిలో చేరిపోమంటున్నారు. ఇంట్లో వాళ్లంతా ఇంకా ఆలోచనేంటి అంటున్నారు. నాకు మాత్రం కాలు కదలడం లేదు.

ఇక్కడ రకరకాల పనులు చేసేవాళ్లున్నారు కదా, అందుకే అడుగుతున్నా. ప్యాకేజీలు వద్దు. చేతికి ఎంత వస్తోంది, ఇంట్లోంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరేదాకా ఎన్ని గంటలు, డబ్బు ఏ తారీఖున పడుతుంది, మళ్లీ మొదటికొస్తే ఇదే పని చేస్తారా. ఈ నాలుగూ చెప్పండి. కంపెనీల పేర్లు, ఆసుపత్రుల పేర్లు రాయొద్దు, ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది రాకూడదు.

నాదే ముందు చెప్తా. ఉదయం తొమ్మిదింటికి బండి తీస్తే సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటాను. నెలకి 26 రోజులు. గంటకి వంద రూపాయలకి ఒక రూపాయి తక్కువ పడుతోంది. జీతం ఒకటో తారీఖు దాటదు. పని ఇష్టమే. ఇక్కడే ఉంటే ఇంకో ఐదేళ్లకి ఎక్కడుంటానో తెలియడం లేదు, అదే బాధ.

రుషికొండ టెస్టర్ | శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ఆ 38 వేలు చేతికొచ్చేదా, సీటీసీని (కంపెనీ మనమీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని) పన్నెండుతో భాగించి చెప్పినదా? ముందు అది రాతపూర్వకంగా తెప్పించుకో.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సీటీసీ 9 లక్షలు, అంటే నెలకి 75 వేలని చుట్టాలు లెక్కేస్తారు. అసలు సంగతి చూడు. బేసిక్ 30 వేలు. దానిమీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం ఏడాదికి 43,200, గ్రాట్యుటీ (ఐదేళ్లు చేసి మానేసినవాళ్లకి కంపెనీ ఇచ్చే మొత్తం) పేరుతో 4.81 శాతం చొప్పున 17 వేల చిల్లర, ఇన్సూరెన్స్ 12 వేలు, పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ 90 వేలు. ఇవన్నీ ఆ 9 లక్షల్లోవే. అవి తీసేసి, నా వాటా పీఎఫ్ 3,600, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 57,600 చిల్లర. వేరియబుల్ పూర్తిగా వచ్చిన ఏడాది నాకు ఇంతవరకూ లేదు.

యూకే షిఫ్టు. మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరితే రాత్రి పన్నెండుకి ఇల్లు. మా పాప స్కూల్ నుంచి వచ్చేసరికి నేనుండను, నేనొచ్చేసరికి తను నిద్రపోతుంది. ఫ్లాటు ఈఎంఐ 27 వేలు. ప్రాజెక్టు అయిపోతే నెక్స్ట్ ఏంటన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. పని నచ్చదని అనను. అందరూ వదిలేసిన తప్పుని పట్టుకున్న రోజు బాగుంటుంది. మళ్లీ మొదటికొస్తే ఇదే చేస్తాను, ఈఎంఐ మాత్రం ఇంత పెద్దది పెట్టుకోను.

ఎన్ఏడీ ఆటో | శనివారం, రాత్రి 11:05

58 వేలు వచ్చినా బాధలు చెప్పుకుంటుంటే మాలాంటి వాళ్లం ఏం రాయాలండీ? నాది షేర్ ఆటో, బండి అద్దెది. ఉదయం ఆరింటికి తీస్తే రాత్రి తొమ్మిది. మధ్యలో భోజనానికి ఒక గంట. రోజుకి 1,300 ఆడితే గ్యాసుకి 350, బండి ఓనరుకి 350 పోయి 600 మిగులుతుంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక ఇలా తగ్గింది, అంతకుముందు 900 దాకా మిగిలేది. ఉదయం గాజువాక వైపు పనికెళ్లే ఆడవాళ్లే మాకు ఆధారం. వాళ్లకి నెలకి వెయ్యీ పదిహేనొందలూ మిగులుతున్నాయి, మా ఇంట్లో ఆవిడకీ మిగులుతున్నాయి, కాదనను. అక్టోబరులో గవర్నమెంటు ఆటోవాళ్లకి 15 వేలు వేసింది. సొంత బండి పేరు మీదుంటేనే వస్తుంది. అద్దె బండి తోలేవాడికి రాదు.

జీతం తారీఖంటే ఏ రోజుది ఆ రోజే. జ్వరమొస్తే సున్నా.

రుషికొండ టెస్టర్ | శనివారం, రాత్రి 11:20

అన్నా, నా బాధ మీ బాధతో సమానమని నా ఉద్దేశం కాదు. తమ్ముడు నిజం అడిగాడు, చెప్పాను. మీరు చెప్పిన పదిహేను గంటలు చదివాక నాకు మాట రాలేదు.

ఆటోనగర్ వెల్డర్ | ఆదివారం, ఉదయం 7:30

ఇద్దరూ నిజమే చెప్పారు, ఇందులో గొడవేం లేదు. నా లెక్క కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఐటీఐ చేసి వెల్డింగులోకి వచ్చాను. మామూలు గ్రిల్ వర్కు చేసేవాడికి మనూళ్లో రోజుకి ఏడెనిమిది వందలు. పైపు వెల్డింగులో 6జీ టెస్టు పాసైనవాడికి పన్నెండు వందలు, షట్‌డౌన్ జాబులు (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) పడితే పదిహేను వందలు. 6జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, కదపకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ కింద నుంచి పైదాకా వెయ్యాలి. ముందు ఆర్గాన్ గ్యాసుతో రూట్, అంటే అడుగు పొర వేస్తాం. రెండు పైపుల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగితే లోపలికి కారిపోతుంది, తొందరపడితే అంటుకోదు. దానిపైన ఫిల్లింగ్, ఆపైన క్యాపింగ్. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఫిల్మ్ మీద నల్లటి చుక్క గానీ గీత గానీ కనిపిస్తే ఆ జాయింటు కోసి మళ్లీ వెయ్యాలి. శుభ్రంగా వచ్చిన ఫిల్మ్‌ని ఇంజినీరు లైటుకి ఎదురుగా పెట్టి చూసి, ఏమీ అనకుండా సంతకం చేస్తాడు చూడండి, ఆ సంతకం కోసమే పని చేస్తాను. డబ్బు దాని తర్వాతే.

కష్టమెక్కడంటే, కాంట్రాక్టరు చేతిలో. పని నెలలో 22 రోజులుంటుంది, ఒక్కోసారి పదిహేనే. నెల జీతం పన్నెండో తారీఖు అంటాడు, ఇరవై అవుతుంది. ఇంటి ఓనరు ఐదున అడుగుతాడు. ఆ పదిహేను రోజులకి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే వచ్చిన 26 వేలల్లో కొంత అప్పుడే పోయినట్టు. నన్నడిగితే ఒకటో తారీఖున పడే 22 వేలు ఇరవయ్యో తారీఖున పడే 26 వేలకన్నా పెద్దవి.

ఇంకొకటి. పీఎఫ్ కోస్తున్నానని చెప్పి కట్టని వాళ్లున్నారు. నా పాత కాంట్రాక్టరు అలాగే చేశాడు. అప్పటినుంచి ప్రతి నెలా ఫోన్లో పాస్‌బుక్ తీసి చూసుకుంటాను. కుర్రాళ్లకి కూడా అదే చెప్తున్నా.

మళ్లీ మొదటికొస్తే ఇదే పని చేస్తాను. మా అబ్బాయి చేస్తానన్నా వద్దనను. కళ్లు జాగ్రత్తగా చూసుకోమంటానంతే. అద్దం సరిగ్గా వేసుకోకపోతే ఆ రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టే ఉంటుంది.

కంచరపాలెం కుర్రాడు | ఆదివారం, ఉదయం 9:10

వెల్డర్ అన్నా, తారీఖు సంగతి నేను అడిగాను గానీ ఇంత బరువుందని తెలియదు. హైదరాబాద్ వాళ్లు జీతం ఏడో తారీఖు అంటున్నారు. 38 చేతికొచ్చేదేనట, ఫోన్ చేసి అడిగాను.

స్టాఫ్ నర్స్, ఎంవీపీ | ఆదివారం, మధ్యాహ్నం 2:25

నైట్ డ్యూటీ దిగి పడుకుని లేచాను. అందరివీ చదివాను.

బీఎస్సీ నర్సింగ్. ప్రైవేటు ఆసుపత్రి, ఐసీయూ. 14 వేలతో చేరాను, ఇప్పుడు గ్రాస్ 21,600. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది. హ్యాండోవర్ ఇచ్చి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. వెంటిలేటరు మీదున్న పేషెంటుకి ఒక నర్సుండాలని మాకు చదువులో చెప్పారు. నాకు నలుగురైదుగురు ఉంటారు, అందులో ఇద్దరు వెంటిలేటరు మీదే.

మీకు ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే పెంపు అంటే మంచిదే అనుకుంటాం. నిరుడు నాకు 20,500 నుంచి 21,600 చేశారు. పదకొండు వందలు పెరిగిందని సంతోషపడ్డాను. జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐ (తక్కువ జీతాలవాళ్లకి గవర్నమెంటు వైద్య బీమా) పోతుంది. మా అమ్మ నామీదే ఆధారపడి ఉంది, షుగరు, బీపీ, థైరాయిడ్. మందులన్నీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఇచ్చేవారు, ఏదైనా పెద్దదైతే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి. నాకు కోసేది 0.75 శాతం, అంటే నెలకి నూటయాభై రూపాయలు. ఇప్పుడు ఆ కోత లేదు, అమ్మ మందులకి బయట నెలకి 1,800 అవుతోంది. పెరిగిన జీతంతో నేను ఐదొందలు వెనక్కి వెళ్లాను. హెచ్‌ఆర్‌ని అడిగితే రూలు అంతేనమ్మా అన్నారు.

అయినా ఈ పని వదలమంటే వదల్లేను. పోయిన నెల ఒక పెద్దాయనకి ట్యూబు తీశాం. గొంతు బొంగురుగా ఉంది, మొదటి మాటగా కాఫీ అడిగారు. వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాంటిది ఏ ఆఫీసులో దొరుకుతుంది? దాన్ని చూపించి మాకు తక్కువ ఇవ్వడం మాత్రం అన్యాయం. సేవ కదమ్మా అంటారు. సేవే. నా బ్యాచ్‌లో ముగ్గురు జర్మన్ భాష బీ2 లెవెల్ కోసం కోచింగుకి వెళ్తున్నారు. ఇక్కడ 30 వేలు ఇచ్చి, ఇద్దరు పేషెంట్లకి ఒక నర్సుని పెడితే వాళ్లలో ఒక్కరు కూడా వెళ్లరు.

ఉక్కునగరం రిటైర్డ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:50

అమ్మా, ఈఎస్‌ఐ విషయంలో ఒక మాట. కంట్రిబ్యూషన్ (జీతంలో కోత కోసే) పీరియడ్లు రెండు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. మధ్యలో జీతం 21 వేలు దాటినా ఆ పీరియడ్ అయ్యేదాకా కోత కొయ్యాలి, హక్కూ ఉంటుంది. పెంపు వచ్చిన నెల నుంచే మీకు ఆపేసి ఉంటే అది తప్పు, ఈఎస్‌ఐ లోకల్ ఆఫీసులో అడగండి.

బాబూ కంచరపాలెం, నువ్వు ఏప్రిల్‌కి ఐదేళ్లు నిండుతాయన్నావు. ఫిబ్రవరిలో వెళ్లిపోతే గ్రాట్యుటీ చేతికి రాకపోవచ్చు. లెక్క ఏంటంటే, ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. నీ బేసిక్ ఎంత?

కంచరపాలెం కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 4:15

గ్రాస్ 27 వేలు మాస్టారూ, బేసిక్ 9 వేలే. మిగతావన్నీ అలవెన్సులు.

ఉక్కునగరం రిటైర్డ్ | ఆదివారం, సాయంత్రం 4:40

9 వేల మీదైతే ఐదేళ్లకి 25,961. కానీ 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. అంటే నీకు 13,500 మీద లెక్కెయ్యాలి. 38,942 వస్తుంది. రెండు మూడు నెలల ఓపికకి ఇది చిన్న మొత్తం కాదు.

ఏ ఉద్యోగంలోనైనా బేసిక్ చూడండి. మా రోజుల్లో మేమూ చూసుకోలేదు. పీఎఫ్ పెన్షన్‌కి వేతనం పరిమితి 15 వేలు. 2014 సెప్టెంబరుకి ముందు 6,500 ఉండేది. సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15 వేల మీద 35 ఏళ్లు చేసినా 7,500 వస్తుంది. మాలాంటి పాతవాళ్లకి ఇంకా తక్కువ. సర్వీసు పదేళ్లు నిండకపోతే నెలనెలా పెన్షనే లేదు. అందుకే ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకునే కుర్రాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి, తియ్యకండి.

తృప్తి సంగతి అడిగావు. ఫర్నేసు దగ్గర ఎండాకాలం డ్యూటీ చేసినవాణ్ని. మళ్లీ అదే చేస్తాను. ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఈ ఊరు పోరాడి తెచ్చుకున్నది, 1966లో ప్రాణాలు పోయాయి దానికోసం. అందులో పని చేశానంటే నాకు ఇప్పటికీ గర్వమే.

జాలారిపేట సరంగు | ఆదివారం, రాత్రి 8:30

మాది జీతం కాదు, వాటా. బోటు పది పన్నెండు రోజులు వేటకెళ్తుంది. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేస్తారు. ఓనరు వాటా పోయాక మిగిలింది మేం పంచుకుంటాం. బోటు నడిపే సరంగుకి, మామూలు పని చేసే కలాసీ కన్నా ఎక్కువ. చేప పడితే ఒక్క వేటకి 15 వేలు చూశాను. పడకపోతే డీజిలు ఖర్చు రాక అందరం అప్పులో దిగుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, దానికి గవర్నమెంటు ఇప్పుడు 20 వేలు ఇస్తోంది. ముందు పది ఉండేది.

మా అబ్బాయిని డిప్లమాలో వేశాను. సముద్రం మీద కోపంతో కాదు. నాకు అదంటే ప్రాణం. అప్పు వాడికి రాకూడదని.

పాడేరు టీచర్ | సోమవారం, సాయంత్రం 6:10

మాది పెందుర్తి. పోయిన అక్టోబరులో ఎస్జీటీగా (గవర్నమెంటు ప్రాథమిక బడి టీచరుగా) చేరాను, పోస్టింగు పాడేరు దగ్గర గిరిజన గూడెంలో. బేసిక్ 32,670. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపి, సీపీఎస్ (పెన్షన్ కోసం) కోత 10 శాతం పోగా 40 వేలు దాటి వస్తోంది. అంతకుముందు ఇదే వైజాగ్‌లో ప్రైవేటు స్కూల్లో 12 వేలకి చేశాను, మే నెల జీతం ఇచ్చేవారు కాదు. చెప్పే పాఠం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నేను మారలేదు, మూడు రెట్లు పైగా జీతం మారింది. కాబట్టి జీతాన్ని బట్టి మనిషి తెలివి లెక్కేసేవాళ్లకి నా కథ చెప్పండి.

ఇక్కడి పిల్లలు ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, ఒకటో తరగతిలో తెలుగు వాళ్లకి కొత్తే. ముందు నేను వాళ్ల మాటలు నేర్చుకుంటున్నాను. ఆదివారాలు ఘాట్ దిగి ఇంటికొస్తాను. అమ్మానాన్నలకి దూరంగా ఉండటం ఒక్కటే కష్టం.

అంగన్‌వాడీ అక్క, ఆరిలోవ | సోమవారం, రాత్రి 9:20

టీచరమ్మ మాట నిజం. మాకు గౌరవ వేతనం 11,500. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశాం, పిల్లల్ని వదిలి రోడ్డు మీద కూర్చోవడం మాకు సరదా కాదు. పొద్దున్న సెంటరు తెరవాలి, బరువులు తూచాలి, గుడ్లు, పాలు పంచాలి, యాప్‌లో ఎక్కించాలి. నెట్ లేకపోతే గర్భిణులు ఎదురుగా నిలబడి ఉంటారు, ఫొటో ఎక్కదు, తిట్లు మాకు. మాకూ గ్రాట్యుటీ హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం అనకుండా గౌరవ వేతనం అని చాలా ఏళ్లు దాటేశారు కాబట్టి ఆ తీర్పు మాకు పెద్ద బలం.

తక్కువ బరువుతో ఉన్న పాప మూడు నెలల్లో కోలుకుని పరుగెత్తితే ఆ తల్లి నాకు చెప్పకుండా ఉండదు. ఈ పేటలో నన్ను తెలియని ఇల్లు లేదు. జీతం 20 వేలు చేస్తే ఇంకేం అడగను.

స్టాఫ్ నర్స్, ఎంవీపీ | సోమవారం, రాత్రి 9:45

అక్కా, మనిద్దరికీ ఒకే జబ్బు. ఆడవాళ్లు చేసే పనిలో ప్రేమ ఉంటుంది కాబట్టి డబ్బు తక్కువైనా ఫర్వాలేదనుకుంటారు.

మాస్టారూ, స్లిప్పులు తీసి చూశాను. పెంపు ఆగస్టులో వచ్చింది, ఆగస్టు నుంచే ఆపేశారు. రేపు ఆఫ్, లోకల్ ఆఫీసుకి వెళ్తున్నాను.

ఘోషాసుపత్రి రోడ్డు | సోమవారం, రాత్రి 10:30

కంచరపాలెం తమ్ముడికి. నేనూ మీ లైన్లోనే ఉన్నాను. బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి కాగితాలు), షిప్పింగ్ బిల్లులు (ఎగుమతివి) కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో ఫైల్ చేస్తాను, కస్టమ్స్ హౌస్‌లో ఆఫీసర్ల దగ్గరకి వెళ్తాను. జీ కార్డు ఉంది, అంటే పరీక్ష పాసైతే కస్టమ్స్‌లో ఈ పని చెయ్యడానికి ఇచ్చే కార్డు. అది లేనప్పుడు నాకూ 23 వేలే, ఇప్పుడు 36. నువ్వు అకౌంట్స్ కుర్చీలోనే ఉంటే ఎదుగుదల ఉండదు, అందులో నీ అనుమానం నిజం. కానీ దానికి హైదరాబాద్ అక్కర్లేదు. పోర్టు ఇక్కడే ఉంది. డ్యూటీ, వర్గీకరణ, జీఎస్టీ రీఫండ్ నీకు సగం వచ్చే ఉంటాయి. జీ కార్డు పరీక్ష రాయి. ఆ తర్వాత ఎఫ్ కార్డు పరీక్ష, అది పాసైతే సొంత కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సుకి దారి. ఎఫ్ కార్డు పరీక్ష తేలిక కాదు, చాలామంది రెండు మూడుసార్లు రాస్తారు.

కంచరపాలెం కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:00

రెండు రోజులుగా కూర్చుని లెక్కేశాను. హైదరాబాద్‌లో ఆఫీసు దగ్గరలో చిన్న ఇంటికి మెయింటెనెన్స్‌తో 13 వేలు. 38లో అది పోతే 25 వేలు. ఇక్కడ సొంతిల్లు, 24,500. అక్కడ రానుపోను కలిపి రోజుకి పదకొండున్నర గంటలు. గంటకి 84 రూపాయలు పడుతోంది. జీతం పెరిగి గంట విలువ తగ్గుతోందని ఇంట్లో కాగితం మీద చూపించాను. నాన్న రెండుసార్లు కూడి చూశారు.

ఈరోజు మా సార్ దగ్గర కూర్చున్నాను. ఆఫర్ సంగతి దాచలేదు. ఏప్రిల్ నుంచి 28 చేస్తానన్నారు. అంతకన్నా నేను అడిగింది ఫైలింగ్ పని. ఫిబ్రవరి నుంచి మధ్యాహ్నాలు డాక్యుమెంటేషన్ డెస్కులో కూర్చోమన్నారు, జీ కార్డుకి ఆఫీసు తరఫునే దరఖాస్తు పెడతారట. హైదరాబాద్ వాళ్లకి రాలేనని మెయిల్ పెట్టేశాను.

రుషికొండ టెస్టర్ | మంగళవారం, రాత్రి 9:20

మంచి పని చేశావు. ఆ 28 సంగతి కూడా మెయిల్లో రాయించుకో.

ఘోషాసుపత్రి రోడ్డు | మంగళవారం, రాత్రి 9:35

పాత పుస్తకాలు నా దగ్గరున్నాయి. కస్టమ్స్ చట్టం, టారిఫ్ రెండూ ఇస్తాను, టారిఫ్ మాత్రం కొత్త బడ్జెట్ మార్పులు చూసుకుని చదవాలి. ఆదివారం పదింటికి పూర్ణా మార్కెట్ వైపు రా.

స్టాఫ్ నర్స్, ఎంవీపీ | మంగళవారం, రాత్రి 10:10

ఈఎస్‌ఐ ఆఫీసులో రాసిచ్చి వచ్చాను. సెప్టెంబరు దాకా కోసి ఉండాల్సిందేనని అక్కడివాళ్లే చెప్పారు, ఆసుపత్రికి లెటరు పంపుతామన్నారు. మా వార్డులో ఇంకో ఇద్దరికి ఇలాగే అయింది, రేపు వాళ్ల స్లిప్పులు కూడా తీసుకెళ్తాను.